కాలువకాడికి పోవద్దన్న కబురు

నా చిన్నప్పుడు వేములపల్లి దగ్గర మా ఊళ్లో మా తాతయ్యకూ, ఆయన తమ్ముడు చిన్నతాతయ్యకూ కాలువ నీళ్ల విషయంలో పడేది కాదు. అయినా ఒకరి మీద ఒకరు ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. వాళ్ల కన్నతల్లి చనిపోతూ అలా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుందట. అన్నదమ్ములంటే వీళ్లే అని ఊరు మెచ్చుకుంటే నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ ఒట్టు ఎలా నిలిచిందో చెబుతాను వినండి. తూము దగ్గర కొట్లాట తప్పదనుకున్న రోజు తాము ఇంట్లో ఉండి, పొలం పనికి పెట్టుకున్న జీతగాళ్లను పంపేవారు. ఇద్దరూ ఎదురుపడకుండా ముందే కబురు చెప్పుకునేవారు. ఆ కబురు మోసేది తొమ్మిదేళ్ల నేను.

ఆరోజు మా తాతయ్య నా గడ్డం పట్టుకొని, "పోయి మీ చిన్నతాతకు చెప్పు బిడ్డా. ఇయ్యాల నేను కాలువకాడికి పోతలేను, నువ్వు గూడ పోకన్నడని చెప్పు" అన్నాడు. చెప్పాను. చిన్నతాతయ్య నవ్వి నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

తిరిగి వస్తుంటే మా జీతగాడు పార భుజాన వేసుకొని కాలువ వైపు పోతూ ఎదురయ్యాడు. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. "గా బెల్లం నాకు జర పెట్టవా, దొరసానీ?" అని ఆటపట్టించాడు. చెయ్యి వెనక్కి దాచుకొని ఉరికాను. కాలువకాడికి పోవద్దని అతనితో ఒక్క మాట అనలేదు. ఎంత మొద్దుదాన్ని! కబురు చిన్నతాతయ్యకే కదా అనుకున్నాను.

తూము దగ్గర కొట్లాటలో అతని తల పగిలింది. ట్రాక్టర్ మీద మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

సాయంత్రం తాతయ్యలిద్దరూ అతని వాకిట్లో పక్కపక్కనే నిలబడ్డారు. నేను ఆగలేక, కబురు తీసుకుపోయింది నేనేనని అతని భార్యను పట్టుకొని ఏడ్చాను. ఆమె నన్ను తోసెయ్యలేదు. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, పసిదానివి" అని కొంగుతో నా కళ్లు తుడిచింది. తర్వాత వాళ్లవైపు తిరిగి, "మీకు మీరు చెప్పుకున్నరు గదా, దొరా. గా ముచ్చట మాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

ఇప్పుడు సూర్యాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఏవో రెండు పెద్ద దేశాలు ఫోన్లో మాట్లాడుకున్నాయట, ఒకదాని మీద ఒకటి నేరుగా యుద్ధానికి దిగవట అని టీవీలో వస్తే ఇంట్లో అందరూ హమ్మయ్య అంటారు. నాకు ఆ మాట నోట రాదు. మరి వాళ్ల పోరు మోస్తూ బాంబులు పడుతున్న చిన్న దేశపు ఊళ్లవాళ్లకు ఆ కబురు ఎవరైనా చెప్పారా అని అడుగుతాను.

"గాళ్లతోని నీకెందుకే నానమ్మా పరేషాన్? తిను" అంటాడు మనవడు. ఆ చిన్న దేశంలో ఇవ్వాళ ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలగలేదో అని నాకు ముద్ద దిగదు.