అవ్వ ఇవ్వని ఆకు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లు నిండి మూడు నెలలైన ఒక బుధవారం పొద్దున, నన్నూ పక్కింటి అక్కనూ ఒకే కుక్క కరిచింది. నన్ను పిక్క మీద, అక్కను మణికట్టు మీద.

మాది బత్తలపల్లె దగ్గర పల్లె. కుక్క కాటుకు మందు మా ఇంట్లోనే ఉండేది. మా అవ్వ ఒక ఆకు నూరి, బెల్లంతో ఉండ చేసి, మూడు ఆదివారాలు పరగడుపున తినిపించేది. పథ్యం చెప్పేది. ముదిగుబ్బ నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. అందుకే మమ్మల్నిద్దరినీ నేరుగా ఆమె దగ్గరికే తెచ్చారు.

అవ్వ ముందు కుక్క సంగతి అడిగింది. నోట్లో నురగ ఉందని, దారిలో రెండు గొర్రెలను కూడా కరిచిందని చెప్పారు. ఆమె మా గాయాలను సబ్బుతో చాలాసేపు కడిగి, ఇది పిచ్చికుక్క కాటని, తన చేతిలో లేదని, ఇద్దరినీ అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి.

అప్పుడు చెనిక్కాయ, అదే వేరుశెనగ, పీకే కాలం. పద్నాలుగు రోజులు పని వదిలి కూర్చోవడం అక్క వాళ్ల నాయనకు, ఆ పక్కింటాయనకు, కుదరదు. ఆయనకు కోపమొచ్చింది.

"ఏం పెద్దమ్మా, నీ మనవరాలికి సూదులు, నా బిడ్డకు ఆకు గూడా లేదా? చిన్నప్పుడు నీ ఆకు తినే గదా నేను బతికినాను?"

"నువ్వు బతికింది ఆకుతో కాదప్పా. నిన్ను కరిచింది మంచి కుక్క."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు. తన ఆకు తిని కూడా ఇద్దరు చచ్చిపోయారని, పథ్యం తప్పారని అందరితో అబద్ధం చెప్పానని, తల వంచుకుని అంది. ఆయన నమ్మలేదు. మరునాడే అక్కను వేరే ఊళ్లో ఆకు ఇచ్చే మనిషి దగ్గరికి తీసుకుపోయాడు.

నేను మా నాయనతో ఆసుపత్రి వరండాలో పద్నాలుగు రోజులు ఉన్నాను. తిరిగొచ్చాక అక్క నా గౌను ఎత్తి చూసి ఎగతాళి చేసింది.

"నాకు మూడుండల్తో సరిపోయె. నీ పొట్ట జల్లెడైపోయిందే!"

కరిచిన నలభై మూడో రోజు, తాగమని నీళ్ల చెంబు అందిస్తే అక్క భయంతో కేక పెట్టింది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇక చేయగలిగింది ఏమీ లేదన్నారు. నలభై ఆరో రోజు పోయింది.

పక్కింటాయన మా గడప ముందు నిలబడి ఒకే మాట అన్నాడు. "ఆ ఇద్దరి సంగతి ముందే ఊరికి చెప్పింటే, నేను నమ్మేటోణ్ని గదా పెద్దమ్మా."

ఆ తర్వాత ఎవరొచ్చినా అవ్వ ముందు ఆ ముగ్గురి చావులూ చెప్పి, ఆసుపత్రికి పొమ్మనేది.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి జబ్బు చేసినా, ఏ డాక్టరు దగ్గరికి పోవాలని నన్ను అడుగుతారు. మీకు చేతకానిది ఏమిటి, దానికి ఎక్కడికి పంపుతారు అని ముందు ఆ డాక్టర్నే అడగమంటాను. అన్నీ నయం చేస్తానన్న మనిషి గడప నేను ఇంతవరకూ తొక్కలేదు.

మా అవ్వ వల్లే బతికానని చెప్పుకునే ప్రతిసారీ, పక్కింటి అక్క పోయిందని, అప్పటికి తనకు తొమ్మిదేళ్ల పది నెలలని కూడా చెబుతాను. రెండూ కలిపి చెప్పకపోతే అది నిజం కాదు.