చెట్టెక్కిన ఇనస్పెక్టరుగారు

మా లేబర్ ఇనస్పెక్టరుగారు పోయారట. నిన్న మైలవరం నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. రాయటం నాకు పెద్దగా రాదు. ఆయన్ని మొదట చూసిన మామిడితోట ఎవరిదో మాత్రం రాయను. ఇప్పటికీ భయమే.

శ్రీకాకుళం వైపు నుంచి మామిడి కోతలకు వచ్చినవాళ్ళం మేము. తోటలో దిగగానే మా బట్టల మూటలన్నీ, మమ్మల్ని పనికి తెచ్చిన మేస్త్రీ షెడ్డులో పెట్టి తాళం వేసేవాడు. కోత అయ్యేదాకా ఎవరూ కదలకూడదని. గేటు దగ్గర కర్రలతో మనుషులుండేవారు.

ఆ ఏడు మా అమ్మాయి కంట్లో మామిడి సొన పడింది. ఒంటిమీద పడితేనే కాల్చే సొన అది. కన్ను వాచి రెప్ప తెరుచుకోలేదు. నూజివీడు ఆస్పత్రికి పంపమని అడిగితే మేస్త్రీ నవ్వాడు.

"కాయలు సర్దటానికి ఒక కన్ను చాలదేంటి?"

మర్నాడు ఇనస్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. లావుపాటి మనిషి. మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకోవటం ఆయన అలవాటు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఏమైనా కష్టంగా ఉందా అని అడిగారు. పక్కనే మేస్త్రీ.

"ఏటీ నేదు బాబూ" అన్నాం అందరం.

ఇక వెళ్ళిపోతారనుకున్నాను. మళ్ళీ చెట్లెక్కాం. కాసేపటికి నా కింద కొమ్మ ఊగింది. చూస్తే ఆయన. కోత చూస్తానని మేస్త్రీకి చెప్పి, బూట్లు విప్పి, పాకుతూ ఎక్కుతున్నారు. నా పక్క కొమ్మను కావలించుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఇక్కడైతే వాడికి వినపడదు. త్వరగా చెప్పు బాబూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

అమ్మాయి కన్ను సంగతీ, షెడ్డులో మూటల సంగతీ చెప్పాను.

ఆయన దిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. "వీణ్ణీ, వీడి కూతుర్నీ ఆస్పత్రికి పంపుతున్నాను. వాళ్ళ మూట ఇవ్వండి" అన్నారు.

"కోత మధ్యలో కదలరని ఒప్పందమండీ" అన్నాడు మేస్త్రీ.

"పోతానన్న కూలీని ఆపటానికి చట్టం ఒప్పుకోదు. తాళం తియ్యండి."

ఆయన గొంతు వణికింది. అయినా మేస్త్రీ తాళం తీశాడు.

గేటు దగ్గర కర్రలవాళ్ళు పక్కకు జరగలేదు. ఆయన మమ్మల్ని వాళ్ళ మధ్యనుంచే ముందు నడవమని, తాను వెనక నడిచారు. వెనక్కి చూడాలంటే భయం. ఆయన ఆయాసం వినిపిస్తున్నంతసేపూ, ఇంకా దెబ్బ పడలేదనుకుంటూ నడిచాను.

మా అమ్మాయికి చూపు నిలిచింది. ఇవాళ సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. తరవాత ఎప్పుడో కలిసినప్పుడు, "మీకు భయం వెయ్యలేదాండీ" అని అడిగాను. "వెయ్యకేం? అది పోయాక చేద్దామంటే ఏ పనీ కాదుగా" అన్నారు.

ఆ రోజు రోడ్డు మీద బస్సు ఆపి ఆయనే మమ్మల్ని ఎక్కించారు. ఆయనకూ కాస్త చోటుంచాను. ఎక్కలేదు. బస్సు కదిలింది. మిగతావాళ్ళ మూటలింకా షెడ్డులోనే ఉన్నాయి. మా అమ్మాయి బాగున్న కంటితో కిటికీలోంచి చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, ఆ బాబు ఒక్కడే మళ్ళీ గేటులోకి ఎల్తన్నాడు."