కోల్డ్ రూమ్ కోసం రాసిన అబద్ధం

సీతాఫల్‌మండిలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక సందులో మా వంటశాల ఉంది. బేగంపేట హోటళ్లలో, ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం, కూరలు తెచ్చి, పనికొచ్చేవి వేరుచేసి, ఆసుపత్రుల బయట పడిగాపులు పడే రోగుల బంధువులకు పంచే చిన్న సంస్థ అది. నేను కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వారానికి మూడు రోజులు తిరుమలగిరి నుంచి వచ్చి ఉత్తరాలు, దరఖాస్తులు రాసిపెట్టేదాన్ని.

అక్కడ అందరికంటే ముఖ్యమైన మనిషి ఒకామె. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. కొడుకు పోయాక కోడలితో అదే సందులో ఉంటోంది. ఒకప్పుడు పెళ్లిళ్లకు వంట చేసేది. బయటి నుంచి వచ్చిన ప్రతి గిన్నె మూతా ఆమే తీసేది. వాసన చూసి, ఒక చెంచా నోట్లో వేసుకునేది. ఆమె తల ఊపితేనే ఆ గిన్నె వ్యాన్ ఎక్కేది. జీతం లేదు, ఆమె అడగనూలేదు. నన్ను "చెల్లె" అని పిలిచేది.

మాకున్నది ఒక్క ఫ్రిజ్. ఎండాకాలంలో పొద్దున వచ్చిన పప్పు మధ్యాహ్నానికే పులిసేది. ఒకరోజు సాంబారు వాసనకు బాగానే ఉంది. ఆమెకు అనుమానం తీరక రెండో చెంచా కూడా తాగింది. "పారబొయ్యుండ్రి" అంది. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులు దవాఖానలో సెలైన్ మీద ఉంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మాలాంటి సంస్థలకు కోల్డ్ రూములు కట్టుకోవడానికి ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తోందని తెలిసింది. దరఖాస్తులో చివరి ప్రశ్న: కోల్డ్ స్టోరేజీ లేక బాధపడ్డ ఒక మనిషి గురించి రాయండి.

మొదట జరిగింది జరిగినట్టే రాశాను. చదువుకుంటే చప్పగా అనిపించింది. పంచేవాళ్లలో ఒకరికి కడుపు చెడితే ఎవరికి జాలి కలుగుతుంది? కొట్టేసి మళ్లీ రాశాను. ఒకప్పుడు పెళ్లిళ్లకు వండిన చేతులు, ఇప్పుడు ఇంట్లో కోడలు ముద్ద పెట్టదు, ఆకలికి ఆగలేక చెడిపోయిన సాంబారు తాగేసింది అని. పేరు రాయలేదు, అదే పెద్ద మర్యాద అనుకున్నాను. రాస్తూంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తలచుకుంటే, రాసినదానికంటే ఆ కన్నీళ్లకే ఎక్కువ సిగ్గేస్తుంది.

గ్రాంటు వచ్చింది. వానలు మొదలయ్యేనాటికి గది సిద్ధమైంది. ప్రారంభం రోజు పొద్దున ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కోడల్ని, సందులో ఆడవాళ్లని వెంటబెట్టుకొచ్చింది. గది తలుపు తీసి, లోపలి చలి అందరి చేతులకూ తగిలేలా చూపించింది.

ట్రస్టు నుంచి వచ్చినామె మంచి మనిషి. అందరికీ అర్థం కావాలని నేను రాసిన పేజీని తెలుగు చేయించుకుని తెచ్చింది. "ఈ గది వెనక ఒక తల్లి ఉంది" అని చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికే నాకు తెలిసిపోయింది. లేచి ఆపొచ్చు. ఆపలేదు. కుర్చీ కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ సందులో పెళ్లిళ్లకు వండిన మనిషి ఒక్కతే. ఒక్కొక్క తలే అటు తిరిగింది. చివర్లో చప్పట్లు కొట్టారు.

కోడలు గొంతు తగ్గించి అడిగింది: "అత్తమ్మా, నేను నీకు బువ్వ పెడ్తలేనని చెప్పినవా?"

"నేనేం చెప్పలే బిడ్డా."

కోడలు చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆమె నా వైపు చూసింది. ఎవరు రాశారని అడగలేదు. అక్కడ రాసేదాన్ని నేనొక్కదాన్నే.

అతిథులు వెళ్లాక, పట్టుచీరతోనే గదిలో ట్రేలు సర్దుతోంది. లోపలికి వెళ్లాను.

"నేనే రాశానక్కా. గ్రాంటు రాదేమోనని..."

"రుచి చూస్తే రోగమొచ్చిందని రాస్తే ఇయ్యకపోదురా?"

"తెలీదు."

"నాది పోనీ. దాన్నెందుకు గుంజినవు? నేను దవాఖానల ఉన్న రెండు దినాలు పనికి సుత పోలే అది. నా వాంతులు ఎత్తిపోసింది."

ఆ సంగతి నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. కోడలు కుట్టుమిషన్ మీద జాకెట్టు కుడుతోంది. మంచినీళ్లిచ్చింది. క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది మేడమ్? విన్నోళ్లకు చెప్పుండ్రి" అంది, మిషన్ ఆపకుండా.

ఆ మధ్యాహ్నమే సందులో ఇల్లిల్లూ తిరిగాను. గడప దగ్గర నిలబడి, రాసింది నేనేనని, అది అబద్ధమని, ఆమె రుచి చూడబట్టే జబ్బుపడిందని చెప్పాను. కొందరు తల ఊపారు. చివరి ఇంటావిడ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "కోడలు పంపిందా మిమ్మల్ని?" అంది. కాదన్నాను. నమ్మలేదు.

ట్రస్టుకు కూడా ఉత్తరం రాశాను. గది వెనక్కి తీసుకుంటారేమోనని మా అధ్యక్షుడు భయపడ్డాడు, నేనూ భయపడ్డాను. తీసుకోలేదు. నిజం చెప్పినందుకు ధన్యవాదాలనీ, అసలు జరిగింది రాసి పంపమనీ జవాబొచ్చింది. ఈసారి రాసేముందు వంటశాలలో ఆమెను అడిగాను. "వాళ్లకు వద్దు, మా సందుల చదివేటోళ్లకు రాయి. పేరు పెట్టకు" అంది. అందుకే ఇది.

ప్రారంభం జరిగిన వారం తర్వాత గానీ ఆమె మళ్లీ పనికి రాలేదు. నాతో పనికి అవసరమైనంతే మాట్లాడుతుంది. కోడలు మాత్రం, నేనున్న రోజున, వంటశాల ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి ఇంటికి వెళ్తుంది.