మర్ల్ ఇచ్చే ఖాళీ కంప్యూటర్

మర్ల్ ఓడెగార్డ్‌కు మనుషుల మీదే కాదు, వస్తువుల మీద కూడా నమ్మకం లేదు. మిన్నెసోటాలో మా వైద్య పరిశోధనశాలకు ఆయన భద్రతాధికారి. ప్రభుత్వ సొమ్ముతో చేసే పరిశోధన పరాయి దేశాల చేతికి చిక్కకుండా చూడాలి. ఆ పనిని ఆయన జబ్బులా చేసేవాడు. ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా కనిపిస్తే మూత తీసి వాసన చూసేవాడు. నా పుట్టినరోజుకు వచ్చిన పాట పాడే కార్డును రెండు రోజులు అదుపులో ఉంచుకుని, అది పాట తప్ప ఇంకేమీ పాడటం లేదని తేల్చి తిరిగిచ్చాడు.

విదేశానికి బయల్దేరేవాళ్లు సొంత కంప్యూటరూ ఫోనూ ఆయనకు అప్పగించాల్సిందే. బదులుగా ఓ పాత ఖాళీ కంప్యూటర్ చేతిలో పెట్టేవాడు. ఇటుకంత బరువు. అది తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోయేది. విమానాశ్రయం దాకా తానే కారులో తీసుకెళ్లి, దారిలో సంచీలు కూడా వెతికేవాడు.

పిల్లల రక్త క్యాన్సర్ మీద పనిచేసే డాక్టర్ షెన్ రుయిహువా, తల్లికి పక్షవాతం వచ్చిందని చైనా బయల్దేరినప్పుడూ మర్ల్ వదల్లేదు.

"మా అమ్మ ఫొటోలు ఆ ఫోన్‌లోనే ఉన్నాయి మర్ల్" అందామె.

"అమ్మనే చూడబోతున్నారు కదా డాక్టర్, ఫొటోలెందుకు?"

ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. మేమంతా మర్ల్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం.

తిరిగొచ్చిన రోజే షెన్‌ను విమానాశ్రయంలో ఆపి, గంటలకొద్దీ ప్రశ్నించి పంపారు. చిన్నారి రోగుల జన్యు వివరాలు పట్టుకెళ్లి అక్కడ అప్పగించిందని ఎవడో ఆకాశరామన్న ఫిర్యాదు చేశాడు. ఆమె ప్రయోగశాలకు సీలు వేశారు, నిధులు ఆపేశారు. కొత్త మందు మీద ఆశ పెట్టుకున్న తల్లిదండ్రులు రోజూ ఫోన్ చేసేవారు. నేరం రుజువైతే ఆమెకు జైలు. నిన్నటిదాకా ఆమెతో భోంచేసినవాళ్లు తలలు తిప్పుకున్నారు. క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా కూర్చున్నది మర్ల్ ఒక్కడే. అక్కడా ఊరుకోక, ఆమె గిన్నెలోని సూప్ ఎవరు చేశారని ఆరా తీశాడు. ఆ వారంలో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

విచారణకు వచ్చినవాళ్ల ముందు మర్ల్ తన బీరువా తెరిచాడు. షెన్ కంప్యూటరూ ఫోనూ వేసిన సీలు వేసినట్టే ఉన్నాయి. ఆమె వెళ్లిన రోజే, పరిశోధన వివరాలు తెరిచే ఆమె కంప్యూటర్ ఖాతా కూడా తానే మూసేశానని చూపించాడు.

"ఆవిడ తీసుకెళ్లింది నేనిచ్చిన డబ్బా. అందులోంచి ఏమన్నా దొంగిలించగలిగితే నాకూ చెప్పండి. ఇన్నేళ్లుగా నాకు మాత్రం అందులో ఏమీ దొరకలేదు" అన్నాడు.

అన్నీ తిరగేసి చూసి ఫిర్యాదు కొట్టేశారు. ప్రయోగశాల తెరుచుకుంది. ఫోన్ తీసుకున్న రోజు, ఆయన తనను దొంగ అనుకుంటున్నాడని ఎంత ఏడ్చిందో షెన్ ఆయనకే చెప్పింది.

మర్ల్ బీరువాకు తాళం వేశాడు. "ఇంతకుముందు పనిచేసిన చోట ఒకాయన్ను నమ్మి, సొంత కంప్యూటర్‌తోనే పంపాను. ఆయన మీదా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యలేదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. అప్పట్నుంచి ఎవర్నీ నమ్మడం మానేశాను డాక్టర్."

మర్నాడు షెన్ ఆయన కోసం నువ్వుల ఉండలు చేసి తెచ్చింది. అధికారి కానుకలు పుచ్చుకోకూడదు. అందుకని మర్ల్ తలలు తిప్పుకున్నవాళ్లందర్నీ పేరుపేరునా పిలిచి, షెన్ చుట్టూ కూర్చోబెట్టి, తలా ఒకటి తినిపించాడు. చివరికి ఒకటి మిగిలింది. మిగిలిపోయింది కానుక కిందికి రాదని తీర్పు చెప్పి, దాన్ని రెండుగా విరిచి, లోపల ఏమీ లేదని చూసుకుని మరీ నోట్లో వేసుకున్నాడు.