బ్రేకమ్మ బండి వణుకు

ఊళ్లో కారు నడిపే ఆడవాళ్లలో సగానికి సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఎదురుగా టీచర్ అనేవాళ్లు, చాటుగా బ్రేకమ్మ అనేవాళ్లు. డ్రైవింగ్ స్కూలు కారు కదా, పక్క సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ బ్రేకు మీంచి ఆమె కుడికాలు కదిలిన పాపాన పోలేదు. ముక్కు మీద కోపం, నోట్లో మాట, కాలి కింద బ్రేకు, మూడూ సిద్ధంగా ఉండేవి.

ఆ కారు ఆమె కన్నా మొండిది. కార్బురేటర్ల కాలం నాటి బండి. రంగు వెలిసింది, తలుపులు మూయాలంటే చెయ్యి తిరగాలి. టైలరైన భర్త దానికి ఆరుసార్లు సీటు కవర్లు కుట్టాడు. ఇన్నేళ్లలో తనకి ఆరు జాకెట్లయినా అంత శ్రద్ధగా కుట్టలేదని ఆమె దెప్పుతూనే ఉండేది.

అలాంటి బండికి ఎనిమిది నెలలుగా ఏదో రోగం పట్టుకుంది. రోడ్డు మీద బాగానే పోయేది. సిగ్నల్ దగ్గర ఆగిందంటే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఒక్కోసారి గుటుక్కుమని ఆగిపోయేది కూడా. ఆగినప్పుడల్లా బ్రేకమ్మ శిష్యుల మీద విరుచుకుపడేది. క్లచ్ తొందరగా వదిలావనేది, కాలు తేలిక చేసుకోమనేది. పడ్డవాళ్లు పడ్డారు గానీ, ముగ్గురు మాత్రం ఇక మా వల్ల కాదని మధ్యలోనే మానేశారు.

మెకానిక్ షెడ్డు ఆమె తమ్ముడిదే. అతను పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటర్‌ని విప్పి రెండుసార్లు కడిగాడు, ప్లగ్గులూ పాయింట్లూ మార్చాడు. చిత్రమేమిటంటే, షెడ్డులో స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ ఇంజిన్ ఏమీ ఎరగనట్టు బుద్ధిగా ఆడేది. చివరికి అతను చేతులు తుడుచుకుంటూ, జబ్బు బండికి కాదక్కా, నీ శిష్యులకి అని తేల్చేశాడు. ఆమె కూడా సరేననుకుంది.

అప్పుడామె దగ్గర నేర్చుకుంటున్నది ఒక నర్సు. నలభై దాటిన మనిషి, సూది గుచ్చితే తెలియనంత తేలిక చెయ్యి అని ఆసుపత్రిలో పేరు. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే ఉద్యోగం ఇస్తామన్నారు, లైసెన్సు ఉంటేనే. రెండుసార్లు పరీక్షకి వెళ్లింది. రెండుసార్లూ పరీక్షాధికారి పక్కన కూర్చోగానే బండి ఆగిపోయింది, తప్పించేశారు. ఇక ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకుంటానని ఆమె అంటుంటే, ఇంకొక్కసారి చూద్దామని టీచరే బతిమాలి తీసుకొచ్చింది.

ఆ ఉదయం రైల్వే గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకీ తెగదు. కారు ఎప్పటిలాగే వణుకుతోంది. నర్సు మొహం చిన్నబోయింది. ఎలాగూ ఆలస్యమే కదా అని టీచర్ హ్యాండ్ బ్రేకు వేయించి, గేరు తీయించి, కాళ్లు కాసేపు చాపుకోమంది. తనూ బ్రేకు మీంచి కాలు తీసి చాపుకుంది.

రైలు చప్పుడులో ఇంజిన్ వినబడే వీల్లేదు. కానీ తన వైపు అద్దంలో ఇందాకటి దాకా చెదిరిపోయి కనిపించిన వెనక లారీ డ్రైవరు మొహం ఒక్కసారిగా తేటపడింది. మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. బండి వణకడం మానేసింది.

ముందు టీచర్ హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే ఆమెకి అనుమానం వచ్చింది. తన క్లచ్ తొక్కి చూసింది. అద్దం కదల్లేదు. బ్రేకు తొక్కింది. లారీ డ్రైవరు మొహం చెదిరిపోయింది. వదిలింది, మీసం వచ్చింది. తొక్కింది, మీసం పోయింది. గూడ్సు తెగేలోగా నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ అదే.

"ఇవాళ పాఠం వేరేనమ్మా. మా తమ్ముడి షెడ్డుకి పోనియ్," అంది.

షెడ్డులో తమ్ముడు బానెట్ ఎత్తి, ఇంజిన్ వినమన్నట్టు చెయ్యి చూపించాడు. ఎప్పటిలాగే బుద్ధిగా ఆడుతోంది. అక్కడే ఉండి వింటూ ఉండమని చెప్పి, ఆమె సీట్లోంచి బ్రేకు తొక్కింది. ఇంజిన్ ఎగిరెగిరిపడి ఆగిపోయింది. అతను నోరు వెళ్లబెట్టాడు. మళ్లీ స్టార్ట్ చేయించాడు, మళ్లీ తొక్కించాడు. షెడ్డులో చక్రాల కింద ఇటుక పెట్టి పని చేస్తారు. బ్రేకు తొక్కాల్సిన పని ఏనాడూ ఎవరికీ పడలేదు.

బ్రేకు తొక్కడం తేలిక కావడానికి పెడల్ ముందు గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది, బూస్టర్ అంటారు. ఇంజిన్ ఒక గొట్టం గుండా దానిలోని గాలి పీలుస్తూ ఉంటుంది. డబ్బా లోపలి రబ్బరు పొర చిరిగితే, బ్రేకు తొక్కినప్పుడల్లా బయటి గాలి ఇంజిన్‌లోకి దూరిపోతుంది. పెట్రోలు పలచబడి ఇంజిన్ తడబడుతుంది. తమ్ముడు ఆ గొట్టం పీకి, ఇంజిన్ వైపు రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టాడు. ఆమె బ్రేకు తొక్కింది. పెడల్ రాయిలా బిగుసుకుంది గానీ ఇంజిన్ చెక్కుచెదరలేదు.

"ఎనిమిది నెలలు ఉత్తపుణ్యానికి కార్బురేటర్‌ని తిట్టానక్కా," అన్నాడు.

"నువ్వు కార్బురేటర్‌ని తిట్టావు. నేను మనుషుల్ని తిట్టాను. నీదే నయం."

తర్వాత నర్సు వైపు తిరిగి, "రెండుసార్లూ తప్పింది నువ్వు కాదమ్మా, ఇది," అంది.

నర్సు గొట్టం తిరిగి తగిలించమని తమ్ముడిని అడిగి, స్టీరింగ్ ముందు కూర్చుని, తనే బ్రేకు తొక్కింది. బండి గజగజలాడింది. ఇంకోసారి తొక్కింది. మూడోసారికి పకపకా నవ్వడం మొదలుపెట్టింది, కళ్లు తుడుచుకునేదాకా ఆపలేదు.

పాత సామాన్ల దుకాణంలో అదే రకం బూస్టర్ దొరికింది. రెండు రోజుల్లో బండి గాడిన పడింది. వారం తిరక్కుండా మూడో పరీక్ష. ఎత్తు మీద ఆపమన్నాడు పరీక్షాధికారి. ఆపింది. ఆయన కాసేపు చెవి ఒగ్గి, కాగితం మీద కలం పెట్టబోతూ, మళ్లీ ఆగిపోయిందా అని అడిగాడు.

"లేదండీ, నడుస్తోంది," అంటూ నర్సు వెనక్కి ఒక్క అంగుళం కూడా జారకుండా బండిని ఎత్తు ఎక్కించింది.

దూరంగా నించున్న టీచర్ అది చూసి, పెద్దమనిషి తరహా అంతా మర్చిపోయి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది.

నర్సు పాసైన ఆ సాయంత్రమే టీచర్, మానేసిన ముగ్గురి ఇళ్లకూ వెళ్లింది. తప్పు బండిదనీ, తిట్టిన నోరు తనదనీ గుమ్మంలోనే చెప్పేసింది. ఇద్దరు మర్నాడే వచ్చారు. మూడో ఆమె, బట్టల కొట్టావిడ మాత్రం మొహం మీద తలుపు వేసినంత పని చేసి, నెల గడిచాక తనంతట తనే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఏడాది తిరిగేలోగా ముగ్గురికీ లైసెన్సులు వచ్చాయి. బట్టల కొట్టావిడ మొదటి దెబ్బకే పాసైంది. సొంత కారు కొనుక్కున్న రోజున టీచర్ ఇంటి ముందు ఆపి, ఇంజిన్ ఆపకుండానే హారన్ కొట్టి, ఎక్కమ్మా, ఇవాళ నువ్వు వెనక సీట్లో కూర్చోవాలి అని పిలిచింది.