కుర్చీ లేని షెడ్డు

అట్టతో కట్టే బొమ్మషెడ్డుకు ఏ చిన్న ముక్క అతికించినా ఫరహత్ వెంటనే చెంప బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, లోపలికి చూస్తుంది. అలా చూసినప్పుడు అట్టగోడలు నిజం గోడలంత ఎత్తుగా కనిపిస్తాయి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఆమె భర్త ఇమ్తియాజ్, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి అరచేతిలో పట్టే బొమ్మకార్లు పంపుతుంటాడు. తిరిగొచ్చి ప్రొద్దుటూరులో మెకానిక్ షెడ్డు పెడతానని ఏటా అంటాడు. ఆ కార్లకు ఆమే ముందు షెడ్డు కట్టేసింది. తెగిన చెప్పుల రబ్బరును పాత టైర్లలా గుండ్రంగా కోసి మూలన పేర్చింది. నేల మీద ఆయిలు మరకలను కాటుకతో దిద్దింది. పని పూర్తయ్యాక వీడియో కాల్‌లో అతనికి చూపించింది.

“శానా బాగుండాదే! ఇంతకీ ఓనరు యాడ కూర్చోవాల?”

“వచ్చి కూర్చునేటోళ్లయితే గదా కుర్చీ ఏసేది!”

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. “చేసిపెట్టు ఫరహత్” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె అగ్గిపుల్లలు విరిచి కుర్చీ చేసింది. షెడ్డు నిండా కార్లే ఉన్నాయి. కిందటి నెల వచ్చిన ఎర్రకారును తీసి డబ్బాలో పెట్టి, ఆ చోట కుర్చీ వేసింది. చెంప ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత ఫోను తీసి, “ఇంక కార్లు పంపొద్దు, ఈడ చోటు లేదు” అని వాయిస్ మెసేజ్ పెట్టింది.