రెప్ జేబులోకి వెళ్ళిన చీటీ

ఈ రోజు పొద్దున కంప్లిలో మా వీధి క్లినిక్కులో ఎముకల పరీక్ష ఉచితమంటే వెళ్ళాను. మిషన్ దగ్గర కూర్చున్నది డాక్టరు కాదు, క్యాల్షియం మాత్రలు అమ్మే కంపెనీ మెడికల్ రెప్. మడమ పెట్టగానే చీటీ వస్తోంది. నా కళ్ళ ముందే పదిమంది పెట్టారు. పదిమందికీ ఎముకలు బలహీనమే, పదిమందికీ అదే కంపెనీ మాత్ర. అనుమానం అక్కడే మొదలైంది.

పదకొండోవాడు రైస్ మిల్లులో బస్తాలు మోసే హనుమంతప్ప. చీటీ చూసి మనిషి డీలా పడిపోయాడు. "ఎముకల్లో సత్తువ లేదంటాండాడు సార్. రేపట్నుంచి బస్తా ఎత్తల్లా, వద్దా?" అని నన్నడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వూ ఒకసారి కాలు పెట్టప్పా" అన్నాను రెప్‌తో.

"నాకెందుకు సార్, నేను బాగానే ఉన్నా."

"ఈయప్ప కూడా ఇంతకు ముందుదాకా బాగానే ఉన్న్యాడు."

వరుసలో అందరూ అతని బూట్ల వైపు చూశారు. తప్పక విప్పి పెట్టాడు. చీటీ వచ్చింది. చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమొచ్చింది?" అన్నాడు హనుమంతప్ప.

"మిషన్ వేడెక్కింది. స్వల్ప ఆరనిస్తాం."

హనుమంతప్ప కూడా తన చీటీని అట్లాగే మడిచి జేబులో పెట్టుకుని, మాత్రలు తీసుకోకుండా మిల్లుకు వెళ్ళిపోయాడు.

మీ ఊరికీ ఇట్లాంటి మిషన్ వచ్చి, ఒక్కరికైనా ఎముకలు గట్టిగా ఉన్నాయని చెప్పి ఉంటే రాయండి. ఆ రెప్ అబ్బాయిని వెతికి మరీ క్షమాపణ అడుగుతాను.